గుల్‌మార్గ్‌లో తొడల్లోతు మంచులో ఒక రోజు: కోనసీమ నుంచి వెళ్ళొచ్చాను, అడగదలచినవాళ్ళు అడగండి

లంకలతోట (రాజోలు వైపు)

అందరికీ నమస్కారమండి. మనవైపు నుంచి స్కీయింగ్‌కి, అదే కాళ్ళకి పొడవాటి పలకలు తగిలించుకుని మంచు మీద జారడానికి, వెళ్ళినవాళ్ళెవరైనా ఉన్నారా అని పోయిన నెల ఇక్కడ ఒకరు అడిగారు. వెళ్ళొచ్చాక రాస్తానని మాటిచ్చాను. తొమ్మిది రోజులు కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో ఉండి మొన్ననే ఇంటికి చేరాం. ఎనిమిది రోజులు బాగానే గడిచాయి కానీ నేను రాయాలనుకున్నది మిగిలిన ఆ ఒక్క రోజు గురించే.

మాది లంక ఊరు. మాకు ఎత్తు అంటే ఏటిగట్టు, లేకపోతే కొబ్బరిచెట్టు. రెండేళ్ళ కిందట గుల్‌మార్గ్‌లోనే, కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్‌లో బేసిక్ కోర్సు చేశాను. పోయినేడాది ఉత్తరాఖండ్‌లోని ఔలీలో ఒక వారం. ఇది మూడో చలికాలం. ఇప్పటిదాకా నేను చేసిందంతా మెషీన్‌తో చదును చేసిన మంచు మీదే. ఎవరూ తొక్కని కొత్త మంచుని అక్కడ పౌడర్ అంటారు. దాని మీద కాలు పెట్టడం ఇదే మొదలు.

నాలుగో రోజు మధ్యాహ్నం కురవడం మొదలైంది. మన వానకి చప్పుడుంటుంది, రేకుల మీద, అరిటాకుల మీద దరువేస్తుంది. ఈ మంచు రెండు రాత్రులు కురిసినా చిన్న అలికిడి లేదు. ఆరో రోజు తెల్లవారుజామున మెలకువొచ్చి తలుపు తీస్తే వరండా కటకటాల మీద గోడ కట్టినట్టు నిలబడి ఉంది. చేత్తో కొలిచాను. మూరా జానెడు. గుప్పెట్లోకి తీసుకుని ఊదితే ఊక లేచినట్టు లేచిపోయింది. పిడికిలి బిగిస్తే ఉండ కట్టలేదు, అంత పొడిగా ఉంది. గ్లవుజు మీద రాలిన ఒక్క రేణువుని టార్చి వేసి చూస్తే ఆరు కొమ్మల ముగ్గు. ఒక్కో కొమ్మకీ చిన్న చిన్న రెమ్మలు. అది కరిగేదాకా అక్కడే నిలబడ్డాను.

గొండోలా, అంటే కొండ మీదికి తీసుకెళ్ళే కేబుల్ కారు, రెండు అంచెలండి. గుల్‌మార్గ్ 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. మొదటి అంచె 3,080 మీటర్ల దగ్గరున్న కొంగ్‌డోరి దాకా. రెండోది అఫర్వత్ కొండ భుజం మీద, 3,950 మీటర్ల దగ్గర దింపుతుంది. ఆ పొద్దున రెండో అంచె మూసే ఉంది. పైన గాలి. పైగా కొండ మీద భద్రత చూసే స్కీ ప్యాట్రోల్ వాళ్ళు పేలుడు పెట్టి, కూడుకున్న మంచుని ముందే రాలగొట్టాలి, ఆ తర్వాతే జనాన్ని వదులుతారు. మా గైడు అక్కడి కాశ్మీరీ కుర్రాడు. తొందరేం లేదన్నాడు, మమ్మల్ని నలుగురినీ మొదటి అంచె కింద ఫర్ చెట్ల మధ్యకి తీసుకెళ్ళాడు.

చదును మంచు మీద స్కీ అంచు కోస్తుంటే కరకరమని వినబడుతుంది. కింద గట్టి నేలుందని కాలికి తెలుస్తూ ఉంటుంది. ఇక్కడ దిగగానే నేల లేదు. మోకాలి పైదాకా దిగబడ్డాను. భయమేసింది. ఓ పది గజాలు జారి వేగం అందుకున్నాక కాళ్ళ కిందనుంచి ఏదో పైకి తేల్చింది. ఒడ్డునున్న పడవని నెడుతున్నప్పుడు చూడండి, అడుగు బురదకి రాసుకుంటూ మొండిగా కదులుతుంది. నీళ్ళందుకోగానే ఆ బరువంతా ఎటు పోతుందో తెలీదు. సరిగ్గా అదే. స్కీ ముక్కులు మంచులోంచి పైకొచ్చాయి, మునిగాయి, మళ్ళీ వచ్చాయి. మలుపు తిరిగినప్పుడల్లా, తూర్పారబోసేటప్పుడు పొల్లు ఎగిరినట్టు, మంచు లేచి మొహానికి కొట్టింది. ఊపిరి తీసుకుంటే నోట్లోకి చల్లగా వెళ్ళింది.

మూడోసారి దిగుతుంటే పడ్డాను. లేవబోయి చెయ్యి ఊనితే భుజం దాకా దిగిపోయింది, అడుగు తగల్లేదు. గైడు పైనుంచి అరిచి చెప్పాడు: రెండు కర్రలూ అడ్డంగా, ఒకదాని మీదొకటి వేసి వాటి మీద చెయ్యి ఊనమని. ఊబిలో దిగినవాడికి మనం కొబ్బరిమట్ట వేస్తామే, అదే పద్ధతి. లేచాను కానీ ఎడమ కాలి స్కీ లేదు. అది మంచు లోపల దూసుకుపోయింది. ముప్పావుగంట వెతికాం.

పన్నెండున్నరకి పైనుంచి పేలుళ్ళు రెండు వినిపించాయి. ఒంటిగంటకి రెండో అంచె తెరిచారు. పైన మబ్బు విడిపోయి ఎండ కాస్తోంది. గైడు మా బీకన్లు (మంచులో కూరుకుపోతే ఆచూకీ చెప్పే చిన్న రేడియో పరికరాలు) ఒక్కొక్కటీ చూసి, మమ్మల్ని ఒకరి తర్వాత ఒకర్ని వదిలాడు, ముందు వెళ్ళినవాడు పక్కకి తప్పుకుని చెయ్యి ఊపాకే తర్వాతివాడు. పైనుంచి కింద ఊరి దాకా 1,300 మీటర్ల దిగుడు. మధ్యలో ఆగి వెనక్కి తిరిగి చూస్తే ఆ తెల్లటి కొండ మీద నాలుగు గీతలున్నాయి. అందులో రెండోది నాది. నాకు ఏడుపొచ్చిందండి.

కాలువగట్టు (అంబాజీపేట)

ఆయ్, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఆ పడవ మాట దగ్గర నాకు మా తాతగారి నావ గుర్తొచ్చింది.

ఒక సంగతి అర్థం కాలేదండి. స్కీ ఊడిపోతే కొండ కిందికి పోవాలి కదా, వెతికింది ఎక్కడ?

లంకలతోట

నేనూ కింద వైపే వెతికానండి, అదే తప్పు. లోతు మంచులో ఊడిన స్కీ సాధారణంగా మనం పడ్డ చోటుకి పైనే ఆగిపోతుంది, ఎందుకంటే మనిషి దొర్లుకుంటూ ముందుకొచ్చేస్తాడు. పడ్డ చోటునుంచి పైకి వెళ్తూ, ఉన్న స్కీతో మంచుని అడ్డంగా కోస్తూ పోవాలి. గడ్డపారలా గుచ్చితే దొరకదు, కత్తిలా కొయ్యాలి. ఓ చోట టక్కున తగిలింది. ఆ చప్పుడు నా జన్మలో మర్చిపోను.

ఆ సాయంత్రమే బజార్లో ఎర్ర రిబ్బను రెండు గజాలు కొని రెండు స్కీలకీ కట్టి, కొసలు ప్యాంటు కింద దోపుకున్నాను. ఊడినా రిబ్బను పైన కనబడుతుంది. మనవాళ్ళు వలకి బెండ్లు కట్టరూ?

డెన్వర్‌లో రామచంద్రపురం

అన్నా, పన్నెండేళ్ళుగా కొలరాడోలో స్కీ చేస్తున్నాను. తెలుగులో పౌడర్ గురించి ఇంత వివరంగా రాయడం నేను చూడలేదు. చాలా సంతోషంగా ఉంది.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఒక మాట కలుపుతాను. లోతు మంచులో వెనక్కి వాలి కూర్చోమని చాలామంది చెబుతారు. అలా చేస్తే గంటలో తొడలు మండిపోతాయి, స్కీ మన మాట వినదు. నిటారుగా, మడమల మీద కాకుండా పాదం మధ్యలో నిలబడాలి. చదును మంచు మీద బరువంతా మలుపుకి బయటివైపు కాలి మీద వేస్తాం. పౌడర్‌లో అలా వేస్తే ఆ ఒక్క కాలే మునిగి పడతాం. రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి, బరువు సమానంగా పంచాలి. వేగం తగ్గిస్తే మునుగుతాం కాబట్టి భయమేసినా కాస్త జారనివ్వాలి. అద్దెకి తీసుకునేటప్పుడు వెడల్పు స్కీలు అడగండి, పాదం కింద 100 మిల్లీమీటర్లకి పైన ఉన్నవి. మామూలు సన్నటివాటితో అంత మంచులో నరకమే.

లంకలతోట

నాకిచ్చినవి 108 మిల్లీమీటర్లవి తమ్ముడూ. ముందు రోజు సన్నవాటితో చేశాను. రెండిటికీ దోనెకీ పంటుకీ ఉన్నంత తేడా.

ఈశాన్యగాలి (యానాం)

వాతావరణం పిచ్చివాడిని, ఇది రాయకుండా ఉండలేను. మన పెద్ద వానలు ఎక్కువగా తూర్పు నుంచి, బంగాళాఖాతం నుంచి వస్తాయి. వాళ్ళ చలికాలపు మంచు పడమట నుంచి వస్తుంది. వెస్టర్న్ డిస్టర్బెన్స్ అని వార్తల్లో వింటుంటాం. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, దారిలో కాస్పియన్ మీదుగానూ తడి పోగేసుకుని ఇరాన్, అఫ్ఘనిస్తాన్ దాటి వస్తాయి. పీర్ పంజాల్ కొండలు అడ్డం తగిలి గాలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, మోసుకొచ్చిందంతా అక్కడ దించుతుంది. గుల్‌మార్గ్ ఆ కొండల మీదే ఉంది.

మీరు చూసిన ఆరు కొమ్మల ముగ్గు మబ్బులో మైనస్ 15 డిగ్రీల దగ్గర్లో బాగా పెరుగుతుంది. కొమ్మల మధ్య గాలి చిక్కుకుంటుంది కాబట్టి ఆ మంచు అంత తేలిక. పది సెంటీమీటర్లు కురిస్తే కరిగించాక దక్కేది సెంటీమీటరు నీళ్ళు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. అంటే మీరు తేలింది మంచు మీద అనడంకన్నా గాలి మీద అనడమే నిజం.

మన లంబసింగిలో చలికి గడ్డి మీద తెల్లగా పేరుకునేది వేరు. అది కురిసింది కాదు, గాలిలోని తేమే గడ్డి మీద గడ్డకట్టింది. అక్కడికి వెళ్ళి మంచు చూశామనుకునేవాళ్ళకి ఈ తేడా చెబుతూ ఉంటాను.

లేసుదారం (నర్సాపురం)

నాకు నలభై ఆరు. చిన్నప్పట్నుంచి మంచు మీద జారాలని కోరిక. ఎవరికీ చెప్పలేదు, చెబితే ఈ వయసులో ఎందుకంటారని. అన్నయ్యగారూ, మీతో వదినగారు వచ్చారా? మోకాళ్ళ సంగతి, చలి సంగతి ఆడవాళ్ళ వైపు నుంచి కాస్త చెబుతారా?

లంకలతోట

వచ్చిందమ్మా. పక్కనే కూర్చుని తనే చెబుతోంది, నేను టైపు చేస్తున్నాను.

"నాకు నలభై దాటాయి. నేను పౌడర్ జోలికి వెళ్ళలేదు. కింద మైదానంలో చిన్న లిఫ్టులున్న వాలు మీద ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టుకుని ఐదు రోజులు నేర్చుకున్నాను. నాలుగో రోజుకి ఆగడం, తిరగడం వచ్చాయి. మోకాళ్ళకి వెళ్ళకముందు రెండు నెలలు రోజూ గోడకి వీపు ఆనించి గోడకుర్చీ వేశాను, మెట్లు ఎక్కి దిగాను. అదే కాపాడింది. చలికి రెండు జతల సాక్సు వేసుకోకండి, బూటు బిగిసి రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. ఉన్నిది ఒక్క జత, పొడిగా ఉన్నది. చెమట పట్టే నూలు బనీను అసలొద్దు. రాత్రుళ్ళు మేమున్న ఇంటావిడ కాంగ్డీ ఇచ్చింది, అల్లిన బుట్టలో మట్టికుండ, అందులో నిప్పులు. మనం బాలింతకి పెట్టే కుంపటి చిన్నదై చేతికొచ్చినట్టుంది. ఇంకో సంగతి, వాళ్ళకీ మధ్యాహ్నం, రాత్రీ అన్నమే. హాక్ అని ఆకుకూర వండుతారు. నాకు తోటకూర లేని బెంగ తీరింది."

తను చెప్పింది అంతేనమ్మా. ఈ వయసులో ఎందుకని ఎవరైనా అంటే మా ఆవిడతో మాట్లాడించండి.

లేసుదారం

వదినగారికి నా నమస్కారాలు చెప్పండి. గోడకుర్చీ ఇవాళే మొదలుపెట్టాను. నలభై సెకన్లు ఆగాను.

భీమవరం కుర్రాడు

అన్నా సూపర్. నేనూ మా ఫ్రెండూ మార్చిలో వెళ్తున్నాం, టికెట్లు అయిపోయాయి. మనాలిలో మూడు రోజులు స్కీ చేశాం, ఓకే ఓకేగా వచ్చు. గైడుకీ బీకన్‌కీ చాలా అవుతోంది. గొండోలా ఎక్కి పైన దిగాక అందరూ వెళ్ళిన గీతల వెనకే మేమూ వెళ్ళిపోతే సరిపోదా? వీడియోల్లో చూస్తే అంతా మామూలుగానే వెళ్తున్నారు.

లంకలతోట

తమ్ముడూ, వద్దు. గీత ఉందంటే ఒకడు దిగాడని మాత్రమే అర్థం. ఆ గీత ఎటు పోతుందో, దిగినవాడికి ఏం తెలుసో నీకు తెలీదు. ప్యాట్రోల్ చూసుకునేది గొండోలా కింది ప్రధాన గిన్నెలాంటి వాలుని. దాని హద్దు దాటితే అంతా విడిచిపెట్టిన కొండే. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద మంచుచరియ పడి ఇద్దరు పోలండ్ దేశస్థులు చనిపోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అక్కడే ఒక రష్యన్ స్కీయర్ పోయాడు. వాళ్ళు మనకన్నా తెలియనివాళ్ళేం కాదు.

స్లూయిస్ (ధవళేశ్వరం)

బాబూ భీమవరం, నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. మంచు నేనెప్పుడూ చూడలేదు. నీళ్ళు చూశాను.

మా బ్యారేజీకి 175 గేట్లు. గేజీ 11.75 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లక్షల క్యూసెక్కుల్లో చెబితే పది, పదమూడు, పదిహేడు. మొదటి హెచ్చరిక ఇచ్చినప్పుడు లంకల్లోకి వెళ్ళి చూడు, ఎండ కాస్తూ ఉంటుంది, ఏరు అందంగా ఉంటుంది, పశువులు గట్టు మీద మేస్తూ ఉంటాయి. ఇప్పుడెందుకండీ ఖాళీ చేయడం అంటారు. కళ్ళకి కనబడేది చూసి మాట్లాడతారు. మేం చూసేది ఇక్కడి నీళ్ళని కాదు, భద్రాచలం దగ్గర ఎంత ఉందన్నది. అక్కడున్నది ఇక్కడికి వచ్చి తీరుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులొచ్చింది. ఆ రాత్రి మేం గేజీ దగ్గర లాంతరు పట్టుకుని నిలబడి, ఒక్కో గీత మునుగుతుంటే చూశాం. మర్నాడు ఏమైందో మీ ఇళ్ళలో పెద్దవాళ్ళనడుగు.

అక్కడ కొండ మీద కూడా ఇలా గేజీ చూసేవాళ్ళు ఉంటారనే అనుకుంటున్నాను. వాళ్ళు మూశారంటే మూసినట్టే. నువ్వు మా మనవడి ఈడువాడివి, అందుకని చెబుతున్నాను.

డెన్వర్‌లో రామచంద్రపురం

బాబాయ్ గారూ, మీరు చెప్పిన భద్రాచలం మంచులో కూడా ఉంది. అది పైన కాదు, కింద ఉంటుంది.

ఒక్కో మంచు ఒక్కో పొర. డిసెంబరులో పడ్డ పలచటి మంచు వారాల తరబడి చలికి పంచదార పలుకుల్లా విడివిడిగా తయారవుతుంది, పలుకుకీ పలుకుకీ పట్టు ఉండదు. దాని మీద ఫిబ్రవరిలో మూరెడు కొత్త మంచు పడుతుంది. పైనుంచి చూస్తే మెత్తటి పరుపు. మనిషి బరువుకి కింది పలుకులు కూలితే పైనున్నది పలకలా మొత్తం కదులుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద ఇది ఎక్కువ. దురదృష్టం ఏంటంటే స్కీ చేయడానికి బాగుండేదీ ఆ వాలే.

చాలా దేశాల్లో ప్రమాదాన్ని ఐదు స్థాయిల్లో చెబుతారు. నాలుగు, ఐదు రోజుల్లో జనం భయపడి ఇంట్లో ఉంటారు. మూడో స్థాయి రోజున ఎండ కాస్తుంది, మంచు కొత్తగా ఉంటుంది, అందరూ బయల్దేరతారు. ప్రాణాలు ఎక్కువగా పోయేది అలాంటి రోజుల్లోనే. మీ మొదటి హెచ్చరిక నాటి లంకలాగే.

భీమవరం తమ్ముడూ, బీకన్ అంటే ఖరీదైన బొమ్మ కాదు. 457 కిలోహెర్ట్జ్ మీద ఎప్పుడూ సంకేతం పంపుతూ ఉంటుంది. నువ్వు కూరుకుపోతే మిగతావాళ్ళు తమ బీకన్‌ని వెతికే మోడ్‌లోకి మార్చి నీ దగ్గరికొస్తారు. మొదటి పది, పదిహేను నిమిషాల్లో తవ్వి తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ. ఆ తర్వాత గబగబా పడిపోతుంది. అంటే నిన్ను బతికించేది నీ పక్కనున్నవాడే, హెలికాప్టర్ కాదు. మీ ఫ్రెండుకి ప్రోబ్ (కూరుకుపోయినవాడిని వెతికే పొడవాటి సన్నటి కర్ర) గుచ్చడం, పారతో తవ్వడం వచ్చా?

భీమవరం కుర్రాడు

రాదన్నా. నాకూ రాదు.

బాబాయ్ గారూ, మా నాన్నమ్మది కొత్తపేట దగ్గర లంక. 1986 గురించి ఇవాళ ఫోన్ చేసి అడిగాను. గంట మాట్లాడింది. ఇంతకుముందు ఎప్పుడూ అడగలేదు.

ట్రిప్‌లో ఐదు రోజులు లెసన్లు పెట్టుకున్నాం. పైకి వెళ్తే గైడుతోనే, లేకపోతే మొదటి అంచె దాకానే.

కాలువగట్టు

లంకలతోట గారూ, మీ బీకన్లు అద్దెవా, సొంతవా?

లంకలతోట

సొంతవేనండి, నాకూ మా ఆవిడకీ రెండు కొన్నాను. ప్రోబ్ కూడా ఉంది. మడత విప్పితే రెండు మీటర్ల పైన వస్తుంది.

కాలువగట్టు

అయితే ఆదివారం మా కళ్ళానికి తీసుకురండి. గడ్డిమేటు విప్పి పరిపిస్తాను, ఎటూ మార్చాల్సిందే. ఒక బీకన్ గోనెసంచిలో కట్టి గడ్డిలో పాతిపెడదాం. భీమవరం బాబూ, నువ్వూ మీ ఫ్రెండూ రండి. లేసుదారం అక్కగారూ, మీరు కూడా రావాలి. భోజనం మా ఇంట్లోనే.

ఈశాన్యగాలి

నేను గడియారం పట్టుకుంటాను.

లేసుదారం

మా తమ్ముడు బండి మీద దింపుతానన్నాడు. పనసపొట్టు కూర తెస్తాను.

కాలువగట్టు (ఆదివారం రాత్రి)

అందరూ క్షేమంగా ఇళ్ళకి చేరారనుకుంటాను. ఇక్కడ రాస్తే తర్వాతివాళ్ళకి పనికొస్తుంది.

గడ్డి నడుమెత్తున, పది సెంట్ల మేర పరిచాం. కుర్రాళ్ళిద్దర్నీ అరుగు మీద వెనక్కి తిరిగి నిలబెట్టి లంకలతోట గారు సంచి పాతారు. మొదటిసారి పదకొండు నిమిషాలు పట్టింది. బీకన్ మీద బాణం గుర్తుంటుంది, దూరం అంకె తగ్గుతూ వస్తుంది. కుర్రాళ్ళు అంకె చూసుకుంటూ పరిగెత్తి దాటిపోయారు. దగ్గరికొచ్చాక నేలకి ఆనించి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా జరపాలి. అంకె బాగా తగ్గిన చోట ప్రోబ్ గుచ్చాలి, తగలకపోతే చుట్టూ జానెడు జానెడు జరుపుతూ. గడ్డికి గుచ్చుకోవడం వేరు, సంచికి తగలడం వేరు, చేతికి ఇట్టే తెలిసిపోతుంది. తగిలాక ప్రోబ్ తీయకూడదు. దాన్ని అలాగే ఉంచి, కాస్త దిగువనుంచి తవ్వుకుంటూ రావాలి. ఈ సంగతి తెలియక మొదటిసారి కుర్రాళ్ళు ప్రోబ్ లాగేసి చోటు మర్చిపోయారు.

రెండోసారి ఆరు నిమిషాలు.

మూడోసారి లేసుదారం అక్కగారు చీర కొంగు దోపి తనే వెతుకుతానన్నారు. ఆవిడ పరిగెత్తలేదు. లేసు అల్లే చేతులు కదా, ఆ బీకన్‌ని నేలకి ఆనించి గీత గీసినట్టు జరిపారు. నాలుగు నిమిషాల పది సెకన్లు, సంచి బయట. ఈశాన్యగాలి గారు గడియారం రెండుసార్లు చూసుకున్నారు.

భీమవరం కుర్రాడు

అక్కా, మార్చిలో మాతో వచ్చెయ్యండి.

లేసుదారం

ఇంట్లో అడిగాను. సరే అన్నారు. గోడకుర్చీ నిమిషం ఇరవైకి వచ్చింది. బూట్ల సైజు సెంటీమీటర్లలో చెప్పాలట, పాదం ఎలా కొలవాలో ఎవరైనా చెప్పండి.

లంకలతోట

గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబడి, పొడవాటి వేలి కొస దగ్గర గీత గీయండమ్మా. రెండు పాదాలూ కొలవండి, పెద్దది రాయండి. వచ్చే ఆదివారం రెండు సంచులు పాతుదాం.